ఎవరి పిల్లవో అడగని చాప

యోగ్యకర్త,
ఆగస్టు చివరి వారం

హర్తాటికి,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో ఫోన్ పెట్టుకుని ఇంకా ఉత్తరాలేమిటని మా ఆయన నవ్వుతుంటాడు. ఫోన్‌లో నీ గొంతు వినగానే నేను చెప్పదలుచుకున్నవన్నీ ఎగిరిపోతాయి. "అన్నం తిన్నావా, అక్కడ వాన పడుతోందా" అని ఇద్దరం అరుచుకుని పెట్టేస్తాం. కాగితం ముందు కూర్చుంటేనే నా మాటలు వరసలో వస్తాయి.

మనం చదువుకునే రోజుల్లో అద్దెకున్న జాయెంగ్ అమ్మగారి ఇల్లు ఇప్పుడు జిరాక్సు దుకాణం. బావి పూడ్చేశారు. వసారాలో ఎర్ర పలకలు మాత్రం అలాగే ఉన్నాయి. ఏదైనా కాగితం కాపీ తీయించుకోవడానికి వెళ్లినప్పుడల్లా, నువ్వు కాళ్లు చాపుకుని కూర్చునే మూలని తొక్కకుండా పక్కనుంచి నడుస్తాను. దుకాణం పిల్లవాడు నాకు కాలు నొప్పి అనుకుంటాడు.

ఇప్పుడు అసలు విషయం. మొన్న మా వీధి ఆడవాళ్ల సమావేశానికి వంట నా వంతు వచ్చింది. వసారాలో చాప వేసుకుని ఉల్లిపాయలు వలుస్తున్నాను. ఎవరి గదో వెతుక్కుంటూ ఒక విద్యార్థి గేటు దగ్గర ఆగాడు. తెలియదన్నాను. వెళ్లలేదు. చాప అంచున కూర్చుని, రెండో కత్తి తీసుకుని వలవడం మొదలుపెట్టాడు. కాసేపటికి కళ్లల్లో నీళ్లు. ఉల్లిపాయల వల్లేననుకున్నాను. కత్తి కింద పెట్టినా ఆగలేదు.

నేనేం చేశానో తెలుసా? మనమందరం చేసేదే. "ఎవరి పిల్లవు నాయనా? ఏ ఊరు? నాన్నగారేం చేస్తారు?" అని అడిగాను. వాడు చక్కగా నవ్వి, రెండు చేతులూ జోడించి, "వెళ్లొస్తానండీ" అని లేచిపోయాడు.

అదంతా నస్తితి గారు చూశారు. ఆవిడ మా ఎదురింట్లో ఉంటారు. విశ్వవిద్యాలయంలో, మనసు బాగాలేని పిల్లలతో మాట్లాడే ఉద్యోగం. గేటు దాటి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"అక్కా, మీరు మర్యాదగానే అడిగారు. వాడు ఏడ్చింది వాళ్ల నాన్న గురించే అయితే?"

నేను ఇంకో ఉల్లిపాయ అందుకున్నాను.

"ఎప్పుడైనా రావచ్చు, ముందు చెప్పక్కర్లేదు అని నా గది తలుపుకి బోర్డు పెట్టాను. ఒక్కరూ తోయరు. ఆ తలుపు తోసినవాణ్ణి చూస్తే పిచ్చి పట్టిందనుకుంటారని భయం. మీ చాప మీదకి పిలవకుండానే వచ్చాడు."

"ఉల్లిపాయలు వలవడం తప్ప నాకేం చేతనవుతుందమ్మా?"

"మాట్లాడటం నాకు వదిలేయండి. మీరు వలుస్తూ ఉండండి. నాకూ ఒక కత్తి ఇవ్వండి."

అలా మొదలైంది. మంగళవారం, శనివారం మధ్యాహ్నాలు. వచ్చినవాళ్లు కూర్చుంటారు, ఏదో ఒకటి తరుగుతారు, మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు. మరీ బరువైన మాట వస్తే నస్తితి గారు వాళ్లని పెరట్లో జామచెట్టు దగ్గరికి తీసుకెళతారు. ఈ చాప మీద పేరు అడగం. ఎవరి పిల్లవో అడగం. విన్నది బయట చెప్పం. పేర్లు లేవు కనక ఎవరు మొదట ఏ కూర ముట్టుకుంటే అదే వాళ్ల పేరు. ఆ పిల్లవాడు మళ్లీ వచ్చాడు. వాడు ఉల్లిపాయ.

జాయెంగ్ అమ్మగారు చేసిందీ ఇదే కదే? మనలో ఎవరి మొహం వాడినా, ఏమైందని అడిగేది కాదు. ఒక కట్ట అలసంద కాయలు ఒళ్లో పడేసేది.

నీ కుస్రిని

*

సమరిండా,
సెప్టెంబరు

కుస్రిని,

నీ ఉత్తరం చదివి మా వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఊరి పిల్లలందరికీ పని చెప్పి నీ వంట కానిచ్చుకునే ఉపాయం నీకే తట్టాలి. అద్దె గది రోజుల్లో నా చేత నీ జాకెట్లు ఇస్త్రీ చేయించుకున్న చెయ్యి అది.

అలసంద కాయలంటే గుర్తొచ్చింది. జాయెంగ్ అమ్మగారు కత్తి ముట్టనిచ్చేది కాదు కదా. చేత్తోనే విరవాలి, పీచు తీసి పారేయకుండా వేలికి చుట్టుకోవాలి, ఎంత పీచు తీశామో చివర్లో చూపించాలి. నేనూ అలాగే చేస్తాను. నన్ను చూసి మా పాలుపి కూడా. చిన్నప్పుడు ఆ పీచు వేలికి ఉంగరంలా చుట్టుకుని, "అమ్మా, నాకు పెళ్లయింది" అనేది. ఇక్కడ, సముద్రం ఇవతల, మా పక్కింటివాళ్లు మీ జావా వాళ్లు కూర తరగడానికి కూడా నగలు పెట్టుకుంటారా అని వెక్కిరిస్తారు.

మీ ఊళ్లోనే చదువుకుంటోంది కదా, పాలుపి మీ ఇంటికి వస్తోందా? ఫోన్ చేస్తే "చివరి అధ్యాయం అమ్మా, అయిపోవచ్చింది" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాదు. థీసిస్ గైడు మంచివాడేనట. పట్టా పుచ్చుకునే రోజుకి దానికి కట్టబెట్టాలని నది అవతల బుగిస్ జాతి నేతగత్తె దగ్గర, ఒంటికి చుట్టుకునే పట్టు సరోంగు నేయిస్తున్నాను. పోయిన రంజాన్ పండక్కి వచ్చినప్పుడు తనే మగ్గం దగ్గర కూర్చుని గళ్లు ఎంచుకుంది. మాగిన చింతపండు ఎరుపు, దాని మీద నల్ల గీత. ఆ నేతగత్తె తొందరపడే మనిషి కాదు. పట్టానే ముందొస్తుందేమోనని నా భయం.

నువ్వు నవ్వుతావు, నాకు తెలుసు. నీ పట్టా బీరువాలో దుప్పట్ల కింద పడి ఉంది. మూడో ఏడు మధ్యలో అమ్మకి జబ్బు చేసి నేను పెట్టె సర్దుకుని రైలెక్కిన రోజు నీకు గుర్తే. నేను వదిలేసిన చోటు నుంచి అది అందుకుంది. దాన్ని రేవులో ఓడ ఎక్కించిన రోజే చెప్పాను, "అమ్మ వదిలేసింది నువ్వు పూర్తి చెయ్యాలి తల్లీ" అని.

కాస్త దాన్ని పిలిచి పనసకాయ కూర వండిపెట్టు. రొయ్యల ముద్ద వెయ్యకు, దానికి పెదాలు వాస్తాయి.

హర్తాటి

*

యోగ్యకర్త,
అక్టోబరు

హర్తాటికి,

వానలు మొదలయ్యాయి. చాప వసారా అంచు నుంచి లోపలికి జరిపాం. పెంకుల మీద వాన పడుతుంటే పిల్లలు కొంచెం ఎక్కువ మాట్లాడతారని గమనించాను. వాళ్ల గొంతు వాళ్లకే పూర్తిగా వినపడదు కదా, అందుకేమో. మనం కూడా జాయెంగ్ అమ్మగారి రేడియో నాటకం పెట్టినప్పుడే రహస్యాలు చెప్పుకునేవాళ్లం.

ఉల్లిపాయ సుమత్రా దీవి బతక్ జాతి పిల్లవాడని వాడి గొంతే చెబుతుంది, అడగక్కర్లేదు. మావాళ్లంతా గుసగుసలాడుతుంటే వాడు మాత్రం వీధికంతా వినపడేలా బాధ చెప్పుకుంటాడు. "పెద్దమ్మా, మీ జావా వాళ్లు ఏడ్చేటప్పుడు కూడా అనుమతి అడుగుతారేంటి?" అన్నాడు మొన్న. నస్తితి గారు తరిగిన క్యారెట్ ముక్క పట్టుకుని, "మేడమ్, దీన్ని ఏ ఆకారం అంటారు?" అని అడిగాడు. ఆవిడ తొణక్కుండా, "ఆలోచించే మనిషి తరిగిన ఆకారం. నువ్వు తరిగినవన్నీ సమానంగా ఉన్నాయంటే నువ్వింకా ఆలోచించడం మొదలుపెట్టలేదు" అన్నారు. ఆ రోజే వాడు మొదటిసారి వాళ్ల నాన్న పేరెత్తాడు.

పోయిన శనివారం ఒక అమ్మాయి వచ్చింది. చాలాసేపు గేటు బయట గొడుగు కింద నిలబడింది. నేను లేచి పలకరించబోయేలోగా తనే అడిగింది.

"పెద్దమ్మా, ఈ చాప మీద ఎవరి పిల్లవో అడగరట కదా. నిజమేనా?"

నిజమేనన్నాను.

"విన్నది ఎవరికీ చెప్పరట కదా? ఎవరికీ?"

చెప్పమన్నాను. ఆ మాట అనడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

అప్పుడు గొడుగు మడిచి వచ్చి కూర్చుంది. ఎదురుగా అలసంద కాయలున్నాయి కనక ఆ పిల్ల అలసంద. మొదటిరోజు ఏం మాట్లాడలేదు. రెండోసారి వచ్చినప్పుడు, తలెత్తకుండా, కాయలు విరుస్తూ చెప్పింది. చివరి ఏడు. థీసిస్ సగంలో ఉండగా గైడు మళ్లీ మొదటినుంచి రాయమన్నాడట. రాయలేకపోయింది. మొహం చూపించలేక ఆయన దగ్గరికి వెళ్లడం మానేసింది. మానేసి ఏడాది దాటింది. పొద్దున్నే సంచీ తగిలించుకుని గది నుంచి బయల్దేరుతుంది. స్టేషన్లో బల్ల మీద కూర్చుంటుంది. సాయంత్రం మళ్లీ గదికి. ఇంటికి మాత్రం చివరి అధ్యాయం రాస్తున్నానని చెబుతోంది. ఈ సెమిస్టరు ముగిసేలోగా తేల్చుకోకపోతే పేరు కొట్టేస్తారు.

పాలుపి గురించి అడిగావు. వచ్చింది. ఒంట్లో బాగానే ఉంది. పెట్టింది తిన్నది. రొయ్యల ముద్ద వెయ్యలేదు.

కుస్రిని

*

సమరిండా,
నవంబరు

కుస్రిని,

నీ అలసంద పిల్ల సంగతి చదివి నాకు రెండు రోజులు కోపం తగ్గలేదు. నీ మీద కూడా.

ఏడాది పాటు స్టేషన్లో కూర్చుందా? ఇంట్లో అమ్మానాన్నలు చివరి అధ్యాయం అనుకుంటూ దువా చేస్తుంటే? నేనైతే దాని జుట్టు పట్టుకుని గైడు ముందు నిలబెట్టేదాన్ని. మీరేమో జామచెట్టు కిందకి తీసుకెళ్లి బుజ్జగిస్తున్నారు. చేతికి కాయలిచ్చి ఏడవనిస్తే చదువులు పూర్తవుతాయా? ఆ నస్తితి గారు పెద్ద చదువులు చదివిన మనిషే కావచ్చు. కానీ ఎక్కడో ఒక తల్లి ఉంది. ఆవిడ ఇవాళ కూడా ఇరుగుపొరుగు వాళ్లతో "మా అమ్మాయి అయిపోవచ్చింది" అని చెప్పుకుంటోంది. ఆవిడ నవ్వులపాలవుతోందని నీకు తెలుసు, ఆవిడకి తెలియదు. అది న్యాయమా?

చెప్పెయ్. ఆ పిల్ల ఊరు కనుక్కుని తల్లికి ఒక ఉత్తరం రాసెయ్. నువ్వు రాయడంలో దిట్టవి కదా.

ఒక్కటి అడుగుతాను, సూటిగా జవాబు చెప్పు. అదే మా పాలుపి అయితే నాకు చెప్పకుండా ఉండేదానివా?

సరోంగు సగం పైన నేశారు. మొన్న పడవ మీద వెళ్లి చూసొచ్చాను.

హర్తాటి

*

యోగ్యకర్త,
నవంబరు చివర

హర్తాటికి,

నీ ఉత్తరం చదివి, జవాబు రాద్దామని కూర్చుని, లేచి వెళ్లి బియ్యం కడిగాను. కడిగిన బియ్యమే మళ్లీ కడిగాను. మా ఆయన చూసి, "ఇంక అందులో పిండి మిగల్లేదు, వదిలెయ్" అన్నాడు.

తల్లికి రాయమన్నావు. రాయలేను. నీ కోపం తప్పని కాదు. ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి అడిగినప్పుడు మాటిచ్చాను. ఆ మాట నమ్మి గొడుగు మడిచింది. నేను తప్పితే మళ్లీ తెరుచుకుని వెళ్లిపోతుంది, ఈసారి స్టేషన్‌కే వెళుతుందని నమ్మకం లేదు. ఒక్కోసారి చోదే నది వంతెన మీద నిలబడి నీళ్లు చూస్తానని తనే చెప్పింది. నేను కత్తి కింద పెట్టేశాను. నస్తితి గారు మాత్రం చేతిలో పని ఆపకుండా, "చూస్తూ ఏమనుకుంటావు?" అని మామూలుగా అడిగారు. తర్వాత జామచెట్టు దగ్గర చాలాసేపు ఇద్దరే ఉన్నారు. ఇప్పుడు ఆవిడ రోజూ ఆ పిల్లని కలుస్తున్నారు, ఆస్పత్రి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లారు. "ప్రాణం మీదకి వచ్చేలా ఉంటే ఇంట్లో చెప్పేది నేనే, అది కూడా తనకి చెప్పే చెబుతాను. అంతవరకూ మీరు మాట మీద ఉండండి అక్కా" అన్నారు. ఉంటున్నాను. తేలికని మాత్రం అనుకోకు.

"మీ అమ్మకి నువ్వే చెప్పొచ్చు కదా తల్లీ" అని నస్తితి గారు ఒకసారి అన్నారు. ఆ పిల్ల ఏమందో తెలుసా? "అమ్మ తిడితే పడతాను మేడమ్. తిట్టకుండా లోపలికెళ్లి తలుపేసుకుంటే? తను వదిలేసిన చదువుని కూడా నేనే వదిలేసినట్టవుతుంది."

నీకు గుర్తుందా, నువ్వు ఊరెళ్లిపోయే ముందు వారం? వాన. మనకున్న ఒకే అద్దం ముందు నువ్వు జడ వేసుకుంటూ ఆగిపోయావు. సగం అల్లిన జడతో వసారాలోకి వెళ్లి కూర్చున్నావు. నేను "ఏమైందే, ఏమైందే" అని ప్రాణం తీస్తుంటే జాయెంగ్ అమ్మగారు నా చేతికి బిందె ఇచ్చి బావి దగ్గరికి తరిమేసింది. తిరిగొచ్చేసరికి నీ ఒళ్లో అలసంద కట్ట ఉంది, ఆవిడ నీ మిగతా జడ అల్లుతోంది. ఒక్క మాట లేదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర నువ్వే చెప్పావు, అమ్మకి జబ్బని, వెళ్లిపోతున్నానని. చెప్పి పటికబెల్లం వేసిన టీ గడగడా తాగేశావు, నోరు కాలింది. అందరం నవ్వాం. ఆ ఏడుపు మధ్యలో అంత నవ్వు ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకర్థం కాదు.

ఆ పిల్ల నిన్న కూడా వచ్చింది. మిగతావాళ్లు కత్తితో తరుగుతారు. ఇది మాత్రం కత్తి ముట్టదు. కాయలు చేత్తోనే విరుస్తుంది. పీచు వేలికి ఉంగరంలా చుట్టుకుంటుంది.

ఉంటాను.

కుస్రిని

*

సమరిండా,
జనవరి

కుస్రిని,

జవాబు ఆలస్యమైంది. మహాకమ్ నది పొంగింది. మా మెట్ల దాకా నీళ్లు వచ్చాయి, తగ్గాయి. వంటింటి సామానంతా అటక మీదకి ఎక్కించి దించడంలో ఉత్తరం రాయలేదు. నిజానికి నాలుగైదు కాగితాలు మొదలుపెట్టి చింపేశాను.

పాలుపి ఫోన్ చేసింది. చివరి అధ్యాయం అంది. సరే తల్లీ అన్నాను. అన్నం తిన్నావా అని అడిగాను. తిన్నానంది. ఇంకేం అడగలేదు. పెట్టేశాక చాలాసేపు ఫోన్ పక్కనే కూర్చున్నాను. మా ఆయన, "ఇంకెవరైనా చేస్తారా?" అని అడిగాడు.

నీ చాప మీద కూర్చునే ఆ అలసంద పిల్ల గురించి కిందటిసారి చాలా మాటలన్నాను. తల్లికి రాసెయ్యమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాయకు. నువ్వు మాట మీద ఉన్నందుకు ఆ తల్లి ఎప్పటికైనా నీకు దణ్ణం పెడుతుంది.

ఆ పిల్ల దగ్గుతోందా? వానాకాలం కొందరికి ఛాతీ పడుతుంది. ఆ వంతెన వైపు ఇంకా వెళుతోందా? డాక్టరు ఏమన్నాడు? నువ్వు చెప్పగలిగినంతే చెప్పు, చెప్పకూడనిది చెప్పొద్దు. కొబ్బరిపాల కూర చేస్తే అందులో రొయ్యల ముద్ద వెయ్యకు. చాలామంది పిల్లలకి పడదు.

ఇంకొక పని చెయ్యి. చాప మీద అందరూ ఉన్నప్పుడు, ఎవరినీ చూసి కాదు, ఊరికే ఈ నాలుగు ముక్కలూ చదువు. నీ పాత స్నేహితురాలు ఒకావిడ రాసిందని చెప్పు, చాలు.

"నేను మూడో ఏడులో చదువు వదిలేశాను. ఆ రోజు రైలెక్కితే లోకం అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. తర్వాత పెళ్లయింది, పిల్ల పుట్టింది, నది ఒడ్డున ఇల్లు కట్టుకున్నాం. రోజూ మూడు పూటలా వండుతున్నాను, నవ్వుతున్నాను, రాత్రి నిద్ర పడుతోంది. నేను వదిలేసింది ఇంకెవరూ మోయక్కర్లేదు. అది నా పెట్టె, నేనే మోసుకుంటాను. మీలో ఎవరికైనా వాళ్ల అమ్మ అలాంటి బరువు ఇచ్చి ఉంటే, ఆవిడ ఏం ఇస్తోందో తెలియక ఇచ్చింది. కింద పెట్టేయండి. ఆవిడ తలుపేసుకోదు."

ఇంతే. చదివాక మామూలుగా టీ పొయ్యి.

హర్తాటి

*

యోగ్యకర్త,
ఫిబ్రవరి

హర్తాటికి,

నీ ఉత్తరంలో రొయ్యల ముద్ద దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసేశాను. కాసేపటికి మళ్లీ పెట్టుకుని మిగతాది చదివాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. మంగళవారం, వాన. ఉల్లిపాయ ఉన్నాడు, బంగాళాదుంప అని పిలిచే లావుపాటి పిల్లవాడున్నాడు, మిరపకాయ అనే అమ్మాయి ఉంది, అలసంద ఉంది. నా పాత స్నేహితురాలు రాసింది, వింటారా అన్నాను. గొంతు వణక్కుండా చదవాలని ముందు రోజు వంటింట్లో బియ్యం డబ్బాకి చదివి వినిపించాను. అయినా "అది నా పెట్టె" దగ్గర కొంచెం ఆగాల్సొచ్చింది.

చదవడం అయ్యాక టీ కప్పుల్లో పోశాను. ఉల్లిపాయే ముందు అన్నాడు. "పెద్దమ్మా, ఈవిడ అడ్రసు ఇవ్వండి. మా నాన్నకి కూడా ఒక ఉత్తరం రాయించాలి." అందరూ నవ్వారు. అలసంద నవ్వలేదు. చేతిలో కాయ విరవకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. నస్తితి గారు టీ కప్పు దాని పక్కన పెట్టి చెయ్యి తీసేశారు.

తర్వాతి శనివారం నీ పార్సిలు వచ్చింది. పైన నా పేరు, లోపల సంచీ మీద "వానకి కప్పుకోవడానికి, అలసందకి" అని మాత్రమే. ఎవరు పంపారని రాయలేదు. నేనూ చెప్పలేదు. దాని ముందు పెట్టాను.

విప్పింది. చింతపండు ఎరుపు, నల్ల గీత. మిరపకాయ, "అబ్బ, ఏం పట్టే, పెళ్లికూతురి బట్టలా ఉంది" అని చెయ్యి చాపింది. అలసంద ఇవ్వలేదు. అంచు దగ్గర గళ్లు వేలితో ఒక్కొక్కటిగా తడుముకుంటూ పోయింది. తడిమి తడిమి మొహం అందులో పెట్టుకుంది. నేను ఆ వైపు చూడలేదు. తల వంచుకుని ఎవరో వలిచేసిన వెల్లుల్లి మళ్లీ వలిచాను.

చాలాసేపటికి తలెత్తి, "పెద్దమ్మా, సురబాయా నుంచి సమరిండాకి ఓడ ఏ రోజు?" అని అడిగింది.

రేవు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాను. ఎందుకని అడగలేదు. మా చాప మీద అడగం కదా.

ఆ సోమవారం నస్తితి గారిని వెంటబెట్టుకుని గైడు దగ్గరికి వెళ్లింది. కేకలేస్తాడనుకుందట. ఆయన కుర్చీ చూపించి, "బతికే ఉన్నావా? కబురైనా పంపొచ్చు కదమ్మా, భయపడ్డాను" అన్నాడట. చదువు ఉంచుకోవాలో వదులుకోవాలో తేల్చుకోవడానికి ఒక సెమిస్టరు సెలవు రాసిచ్చారు. ఏం తేల్చుకుంటుందో నాకు తెలియదు. వంతెన వైపు మాత్రం వెళ్లడం లేదు. దగ్గు లేదు. డాక్టరు ఇచ్చిన మందు వేసుకుంటోంది.

ఇంకొక్క మాట. వేలికి పీచు చుట్టుకుంటుందని నవంబరులో రాశాను. రాసేటప్పుడు ఏమీ అనుకోలేదు. కవరు అంటించే ముందు మళ్లీ చదువుకున్నాను. అప్పుడు తెలిసింది. కొట్టేయవచ్చు, కలం చేతిలోనే ఉంది. కొట్టేయలేదు. నేను మాట తప్పానో నిలబెట్టుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నస్తితి గారికి చెప్పాను. ఆవిడ, "ఇంకోసారి అలాంటిది రాయాలనిపిస్తే ముందు ఆ పిల్లనే అడగండి అక్కా" అన్నారు. సరేనన్నాను.

జిరాక్సు దుకాణానికి నిన్న వెళ్లాను. నువ్వు కూర్చునే ఆ మూలలో ఎవరో ఆడపిల్ల కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది. ఎందుకో సంతోషమేసింది.

కుస్రిని

*

సమరిండా,
మార్చి

కుస్రిని,

గురువారం పొద్దున రేవు నుంచి ఒక మనిషి మా ఇంటికి వచ్చింది. భుజాల మీద చింతపండు ఎరుపు సరోంగు. ఉప్పు గాలికి పెదాలు పగిలి, జుట్టు చిక్కులు పడి. మెట్లెక్కి గుమ్మంలో ఆగింది.

అన్నం తిన్నావా అని అడిగాను. లేదంది. మొదటిసారి నిజం చెప్పింది.

పెట్టాను. తిన్నది. పడుకుంది. నేను తలుపు వెయ్యలేదు, ఎవరి తలుపూ. పక్కింటావిడ వచ్చి, "పట్టా తెచ్చుకుందా?" అని తొంగి చూసింది. "పిల్లని తెచ్చుకున్నాను" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

సాయంత్రం అలసంద కట్ట ఒకటి దాని ఒళ్లో పడేశాను. నేనూ ఎదురుగా కూర్చున్నాను. అది విరుస్తూ ఉంది, నేను దాని జుట్టు చిక్కు తీస్తూ ఉన్నాను. నాకు ఎన్ని ప్రశ్నలు గొంతుదాకా వచ్చాయో నీకు చెప్పలేను. ఒక్కొక్కటీ మింగాను. జాయెంగ్ అమ్మగారు కూడా అలాగే మింగి ఉంటుందని ఇన్నేళ్లకి తెలిసింది. ఆవిడకి అడగాలని ఉండేది కాదని అనుకునేవాళ్లం మనం.

కట్ట సగం అయ్యాక మొదలుపెట్టింది. స్టేషన్ బల్ల దగ్గర నుంచి వంతెన దాకా, అన్నీ. నేను చిక్కు తీయడం ఆపలేదు. వంతెన దగ్గర మాత్రం దువ్వెన చేతిలోంచి జారింది. తీసుకుని మళ్లీ దువ్వాను.

అంతా అయ్యాక అడిగింది. "అమ్మా, నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఏం తెలుసు?" అన్నాను.

నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది కుస్రిని, టీ తాగి నోరు కాల్చుకున్నప్పుడు మనం నవ్వినట్టు. దాని వేలికున్న పీచు తీసి నా వేలికి చుట్టింది.

సెలవు అయ్యాక తిరిగి మీ ఊరు వస్తానంటోంది. థీసిస్ రాస్తుందో, కాగితాలు తీసుకుని వచ్చేస్తుందో తనకే తెలియదు, నేను అడగడం లేదు. దాన్ని దింపడానికి నేనూ వస్తున్నాను. ఆ ఎర్ర పలకల మీద ఒకసారి కూర్చోవాలి, జిరాక్సువాడు ఏమనుకున్నా సరే. ఆ తర్వాత మంగళవారం మీ ఇంటికి వస్తాను. చాప మీద కాస్త చోటుంచు. ఏ కూరైనా తరుగుతాను.

నేను ఎవరి తల్లినో మాత్రం అడగకు.

హర్తాటి